పదో ట్రిప్పు

కొత్తిమీర కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు లాగుతుంటే అది జారి నా వేలి మీద చురుక్కుమని తగిలింది. వెంటనే ఆకు వాసన ముక్కుకు పట్టింది. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో మా వంటింటి కిటికీ అవతల నిన్నటి మంచు ఇంకా కరగలేదు. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. ఆ బ్యాండును చెత్తబుట్టలో వేయకుండా స్వెట్టరు జేబులో పెట్టుకోవడం చూసి మా అమ్మాయి "అమ్మా, నాట్ అగైన్" అంది. మా ఆయన అలా అనడం ఎప్పుడో మానేశారు. పెళ్ళైన కొత్తలో ఆయన కూడా నా కారు ఎక్కినప్పుడల్లా గేరు రాడ్‌కు తొడిగిన రబ్బరు బ్యాండ్లు చూసి, "దీనికి గాజులు తొడిగిందెవరు, సీమంతమా?" అని ఏడిపించేవారు. ఒకరోజు కూర్చోబెట్టి కథంతా చెప్పాను. ఆ తర్వాత ఒక బ్యాండు తెగిపోతే ఆయనే ఎక్కడినుంచో ఇంకొకటి తెచ్చి తొడిగారు.

ఆ అలవాటు నాది కాదు, సువార్త ఆంటీది. సార్నియాలో కాలేజీలో చదివే రోజుల్లో ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో నేను అద్దెకుండేదాన్ని. ఆంటీది నరసాపురం దగ్గర ఒక పల్లె. భర్త దానియేలు అంకుల్ సార్నియాలో కెమికల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. నేను చేరేనాటికి అంకుల్ మతిమరుపు ముదిరి, ఊరికి ఆ చివరనున్న కేర్ హోమ్‌లో ఉన్నారు. ఇంగ్లీషు పూర్తిగా పోయింది, తెలుగు కొంచెం మిగిలింది. మధ్యాహ్నం భోజనం మాత్రం ఆంటీ చేత్తో కలిపి ముద్ద పెడితేనే తినేవారు. నర్సులు స్పూను పట్టుకొస్తే పెదాలు బిగించేవారు. ఆయన బరువు తగ్గుతోందని, ఇంకా తగ్గితే ఆసుపత్రికి పంపి గొట్టం వేయాల్సి వస్తుందని వాళ్ళు ఆంటీకి ముందే చెప్పారు. అందుకని ఎండైనా మంచైనా పన్నెండు గంటలకు ఆవిడ అక్కడ ఉండాల్సిందే.

నేను హన్మకొండలో పుట్టి పెరిగినదాన్ని. చిన్నప్పటినుంచీ చర్చికి వెళ్ళేదాన్నే గాని, కానుక సంచి నా ముందుకొస్తే పర్సులో నలిగిన నోటు వెతికే రకం. ఆంటీ ఇంట్లో మొదటిరోజు సాయంత్రం ఆవిడ అన్నం వండుతుంటే పక్కన నిలబడ్డాను. గ్లాసుతో బియ్యం కొలిచే ముందు ఒక పిడికెడు తీసి పాత ఐస్‌క్రీం డబ్బాలో వేసింది. ఎందుకని అడిగాను.

"మా అమ్మ చేసేదమ్మాయ్. ఆవిడకి జీతమా పాడా? కూలికెళ్తే బియ్యం ఇచ్చేవారు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ముందు దేవుడికి ఒక పిడికెడు. ఆదివారం గుడికి పట్టుకెళ్ళేది."

"ఇంట్లో సరిపోకపోతే?"

"సరిపోని రోజు పిడికిలి చిన్నదయ్యేది. మానేది కాదు."

ఆ డబ్బా నిండితే, ఆదివారం మధ్యాహ్నం మేం కూడుకునే చర్చి హాలుకు తీసుకెళ్ళేది. అక్కడ పాతిక మంది దాకా తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం. హాలు ఇంగ్లీషువాళ్ళ చర్చిది, మాకు రెండింటినుంచి నాలుగింటి వరకు ఇచ్చేవారు. ఆరాధన అయ్యాక టీ తాగుతూ పెద్దలు మాట్లాడుకునే మాటల్లో దశమభాగం చర్చ ఒకటి ఎప్పుడూ ఉండేది. టాక్సు కోయకముందు జీతం మీద పదో వంతు ఇవ్వాలా, చేతికొచ్చిన దాని మీదా? ఓవర్‌టైముకు వర్తిస్తుందా? ఇండియాలో అమ్మకు పంపినది అందులో పడుతుందా? ఒక ఐటీ అన్నయ్య ఎక్సెల్ షీటు కూడా చేశాడు. ఆంటీ సమోసా నములుతూ వినేది. ఒకసారి మాత్రం, "దేవుడు గనక అకౌంటెంటైతే మనందరం ఎప్పుడో లోపలుండేవాళ్ళం" అంది. అందరూ నవ్వారు, ఎక్సెల్ షీటు అన్నయ్య కూడా.

ఆ చలికాలానికి ముందు ఆంటీకి కళ్ళ జబ్బు బయటపడింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. లైసెన్సు రద్దు చేస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, లేచి వెళ్ళి మేకుకు వేలాడుతున్న వ్యాను తాళాలు తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్ళకున్నది ఒక్కటే బండి, తలుపు దగ్గర తుప్పు పట్టిన పాత మినీవ్యాను. నాకప్పుడే ఊరి బయట కూరగాయల ప్యాకింగ్ షెడ్డులో ఉద్యోగం దొరికింది. అక్కడికి బస్సు లేదు. తెలిసినవాళ్ళను బతిమాలుకుని వెళ్ళొస్తున్నాను, ఆ పని ఏ రోజు ఊడుతుందో తెలియదు.

"ఇన్సూరెన్సులో నీ పేరు రాయిస్తాను. నువ్వు నడుపుకో" అంది. తర్వాత గేరు రాడ్‌కు తొడిగి ఉన్న రబ్బరు బ్యాండ్లు చూపించింది. తొమ్మిది. అన్నీ కొత్తిమీర కట్టలవే. "ఇల్లు వదిలి మళ్ళీ ఇల్లు చేరితే ఒక ట్రిప్పు. చేరగానే ఒక బ్యాండు తీసి స్టీరింగు పక్కనున్న ఆ సిగ్నల్ కాడకి తొడుగు. తొమ్మిదీ అటెళ్ళాక, పదో ట్రిప్పు నీది కాదు. బండి లేనోళ్ళు ఎవరైనా అడిగితే వాళ్ళది. అడక్కపోతే నువ్వే అడుగు."

ఇదెక్కడి లెక్క ఆంటీ, అన్నాను.

"అంకులూ నేనూ జీతానికి దశమభాగం ఎప్పుడూ ఎగ్గొట్టలేదమ్మాయ్. ఆయన రిటైరయ్యాక ఒకరోజు ఈ బండిలో కూర్చుని అన్నారు, జీతానికి ఇచ్చాం, జీతంతో కొన్నవాటికి ఇవ్వలేదు కదే, అని. ఆ రోజే తొడిగారు ఈ బ్యాండ్లు." తాళం నా చేతిలో పెట్టి, "జాగ్రత్తగా నడుపు. మనది కాదు" అంది. ఆ మాట నేను తాళం తీసిన ప్రతిసారీ అనేది. మొదట్లో అది చెవిలో జోరీగలా ఉండేది.

కొన్నాళ్ళు బుద్ధిగా చేశాను. పదో ట్రిప్పుల్లో ఒకరిని డాక్టరు దగ్గరికి, ఒకరిని బియ్యం మూటలకు, పసిబిడ్డతో ఉన్న ఒకామెను టీకాకు తీసుకెళ్ళాను. వాళ్ళు దిగేటప్పుడు "దేవుడు నిన్ను దీవించాలమ్మా" అంటే ఎంత గర్వంగా ఉండేదో. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, బండి ఆంటీది, ఇన్సూరెన్సు ఆంటీది, దీవెన నాది. ఒకసారి ఆవిడను కూడా అడిగాను. "ఆంటీ, మిమ్మల్ని అంకుల్ దగ్గర దింపనా?" అంటే, "నీ షిఫ్టు నీకుంది కదా, నాకు బస్సుంది" అంది. ఉంది కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆవిడ అలా అంటుందని తెలిసే అడిగాను.

జనవరి వచ్చింది. షెడ్డులో ఓవర్‌టైము దొరికింది. పొద్దున్నే లేచి బండి మీద మంచు గీకి, పనికెళ్ళి, అటునుంచి కాలేజీకెళ్ళి ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమయ్యేది. అప్పుడు మొదలైంది నా ఎక్సెల్ షీటు. సందు చివర కాఫీకి వెళ్ళిరావడం ట్రిప్పా ఏంటి? దాన్ని లెక్కెట్టలేదు. పెట్రోలు కోసం వెళ్తే అది బండి పనే గాని నా పని కాదు కదా, అదీ వదిలేశాను. తర్వాత బ్యాండు మార్చడం మర్చిపోవడం మొదలైంది. ఆ తర్వాత మర్చిపోలేదు, మార్చలేదు, అంతే. ఒక శనివారం కాలేజీలో కొత్తగా చేరిన గ్రేస్ అనే అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, సామాన్లు తెచ్చుకోవాలె, జర బండి దొరుకుతదా?" అంది. మా వైపు అమ్మాయే, ఆ యాస వింటే ప్రాణం లేచి రావాలి. "బండి ఖాళీ లేదమ్మా" అన్నాను. బండి డ్రైవ్‌వేలో నిలబడి ఉంది, నేను దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాను. అలా మూడు వారాలు గడిచాయి. ఆంటీ ఏమీ అడగలేదు. అప్పటిలాగే ప్రతి శనివారం వ్యానులో మ్యాట్లు తీసి మెట్ల మీద దులిపేది, చేత్తో తడిమి తడిమి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. ఆరింటినుంచి పన్నెండు దాకా షిఫ్టు, ఆదివారం కాబట్టి జీతం ఎక్కువ. రాత్రంతా ఊరి పక్కనున్న సరస్సు మీదినుంచి మంచు కురిసింది. పని అయ్యాక మెల్లగా నడుపుకుంటూ వస్తున్నాను. ఫుట్‌పాత్‌లు ఇంకా ఊడ్వలేదు, మంచు గుట్టలుగా ఉంది. రోడ్డు అంచున, వాహనాలు పోయేచోట, ఒక పొట్టి మనిషి నడుస్తోంది. కోటు కింద నీలం చీర అంచు తడిసి బూటుకు అంటుకుంది. చీర చూసి గుర్తుపట్టాను. పక్కనుంచి వచ్చే బండి ఆవిడకు కనిపించదు.

బండి ఆపి దిగి పరిగెత్తాను. "ఆంటీ, ఏంటిది? బస్సు?"

"ఇవాళ రాలేదమ్మాయ్. గంట నిలబడ్డాను. ఆయనకి ఆకలేస్తుంటుంది." టిఫిను డబ్బా చల్లారకుండా తువాలులో చుట్టి కోటు లోపల పొట్టకు ఆనించి పట్టుకుంది. అప్పటికి పన్నెండు దాటి ఇరవై నిమిషాలైంది. నడిస్తే ఇంకో అరగంట పడుతుంది.

తలుపు తీశాను. ఆవిడ ఎక్కలేదు. తల లోపలికి పెట్టి గేరు రాడ్ వైపు చూసి, "ఇది ఎన్నోది?" అంది. మంచులో నిలబడే అడిగింది.

"ఏడోది" అన్నాను.

"అయితే నీదే. నన్ను ఎక్కించుకోవడం నీకిష్టమేనా?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఎక్కండి ఆంటీ, మీకు దండం పెడతాను, అని చెయ్యి పట్టి ఎక్కించాను. బండి కదిలాక ఆగలేకపోయాను. ఏడోదని అబద్ధం చెప్పానని, ఎన్నోదో నాకే తెలియదని, మూడు వారాలుగా బ్యాండ్లు ముట్టుకోలేదని, గ్రేస్‌తో బండి ఖాళీ లేదన్నానని, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. వైపర్లు కొట్టుకుంటున్నాయి. ఆవిడ డబ్బాను ఇంకొంచెం దగ్గరికి అదుముకుంది.

"తెలుసు. వెనక మ్యాట్ దులిపితే ఉప్పు రాలట్లేదు కదా" అంది. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఎక్కిన ప్రతివాళ్ళ బూట్లకూ అంటుకొస్తుంది. నా పక్కన, వెనకాల ఎవరూ కూర్చోని మూడు వారాలూ ఆవిడ వేళ్ళకు తెలిసిపోయాయి. కళ్ళు చూడకపోయినా.

"మరి నన్నెందుకు తిట్టలేదు? మీరెందుకు అడగలేదు ఆంటీ? కనీసం ఆ పదో ట్రిప్పులోనైనా మిమ్మల్ని తీసుకెళ్ళమని?"

"పదోది దేవుడికిచ్చేశాం. ఇచ్చేసినదాన్ని మళ్ళీ నా మొగుడి కోసం అడుగుతానా?"

"పోనీ మిగతా తొమ్మిదిలో?"

"అవి నీకిచ్చాను కదమ్మాయ్." ఏదో తెలిసిన విషయమే చెప్తున్నట్టు అంది.

అప్పుడు తెలిసింది నాకు. పదిలో పదీ ఇచ్చేసి, తనకంటూ ఒక్కటి కూడా ఉంచుకోకుండా ఆవిడ నడుస్తోంది. పదింటిలో ఒక్కటి వదులుకోవడానికి నేను ఇన్ని వేషాలు వేశాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, ఆ ఇరుకు చూపుతో రోడ్డు వైపే చూస్తూ చెప్పింది. "పదోది ఇవ్వడం గొప్పేం కాదు. అది ఆయనదే, ఆయనకి అప్పగిస్తున్నాం. ఇవ్వడం అనేది తొమ్మిదిలో మొదలవుద్ది. ఇదిగో, ఇప్పుడు నువ్వు చేసేది అది."

కేర్ హోమ్‌లో అంకుల్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. ముందు ట్రే అలాగే ఉంది, ముట్టలేదు. నర్సు మమ్మల్ని చూసి ఊపిరి పీల్చుకుని, ఆయన పొద్దుటినుంచి ఏమీ తినలేదని చెప్పింది. ఆంటీ చలికి కొయ్యబారిన చేతులను వేడినీళ్ళ కింద చాలాసేపు పెట్టుకుంది. చల్లటి చెయ్యి తగిలితే ఆయన ఉలిక్కిపడతారట. డబ్బా మూత తీస్తే పప్పుచారు ఆవిరి ఇంకా వస్తోంది. మెత్తగా కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. ఆయన నోరు తెరిచారు. ఒకటి, రెండు, మూడు. నేను గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. ఆయన నమిలే ప్రతి ముద్దకూ నాకు ఏడుపొచ్చింది.

సగం తిన్నాక ఆయన నావైపు చూసి "ఈ పిల్లెవరు?" అన్నారు. "బండి నడిపే పిల్ల" అంది ఆంటీ. ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు. భార్య పేరు కూడా కొన్ని రోజులు గుర్తుండని మనిషి.

"జాగ్రత్తమ్మా" అన్నారు. "మనది కాదు."

ఆ మరుసటి రోజునుంచి నా షిఫ్టులు మార్పించుకున్నాను. ఓవర్‌టైము కొంత పోయింది. పన్నెండింటికి ఆంటీని అంకుల్ దగ్గర దింపడం నా తొమ్మిదిలోంచే, లెక్కగా, బ్యాండు మారుస్తూ. పదోది పదోదే. మొదటి పదోది గ్రేస్‌కి. క్షమించమని అడిగితే ఆ పిల్ల, "అయ్యో, అప్పుడే టాక్సీల పోయినక్కా, ఏం కాలే" అంది. దానివల్ల నా సిగ్గు ఇంకా పెరిగింది. ఎండాకాలం వచ్చేసరికి అంకుల్ కొంచెం బరువు పెరిగారు. గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు. ఆకులు రాలే కాలంలో, ఒక మధ్యాహ్నం భోజనం చేశాక, నిద్రలో పోయారు. కడుపునిండా తినే పోయారని ఆంటీ అందరితో చెప్పుకుంది.

తర్వాత ఆవిడ విన్నిపెగ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్ళాను. దారిలో అలవాటుగా గేరు రాడ్ తడిమి చూసి, "బ్యాండ్లేవి?" అంది. తీసేశాను ఆంటీ అన్నాను, కొంచెం గొప్పగానే. ఎవరు అడిగినా వెళ్తున్నాను కదా, ఇంక లెక్కతో పనేముంది, అని వివరించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ పెదవి విరిచింది. "చాల్లే సంబడం. అంత పెద్దదానివైపోయావా? లెక్క లేకపోతే మనసు ఎంత తొందరగా బొంకుతుందో నీకంటే ఎవరికి తెలుసు? పెట్టుకో మళ్ళీ" అంది. తన హ్యాండ్‌బ్యాగులోంచి బ్యాండ్లు తీసింది. ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉండేవి. నేను వ్యాను ఆపేదాకా ఒళ్ళో పెట్టుకుని లెక్కబెట్టి, తొమ్మిదీ రాడ్‌కు తానే తొడిగింది. ఆవిడ నా దగ్గరే వదిలి వెళ్ళిన ఆ వ్యానును నేను చదువు పూర్తయ్యాక గ్రేస్‌కి అప్పగించాను, బ్యాండ్లతో సహా. తాళం ఇస్తూ ఏమన్నానో వేరే చెప్పనక్కర్లేదు.

పోయిన చలికాలం ఆంటీ విన్నిపెగ్‌లో కన్నుమూసింది. ఫోన్‌లో ఆవిడ చెల్లెలు చెప్తే తెలిసింది. పెద్దగా మిగిల్చిందేమీ లేదట. రెండు మంచి కోట్లు ముందే ఎవరికో ఇచ్చేసింది, వంటింట్లో సగం నిండిన ఐస్‌క్రీం డబ్బా ఒకటి ఉంది. ఆ బియ్యం ఏం చేయాలని ఆమె నన్ను అడిగింది. ఆదివారం చర్చికి తీసుకెళ్ళండి, అన్నాను.

మొన్న మంగళవారం గడ్డకట్టే చలిలో బస్‌స్టాపు దగ్గర ఒక తెలుగు అబ్బాయి నిలబడి ఉంటే ఆగాను. వేర్‌హౌస్‌లో కొత్త ఉద్యోగమట, మొదటిరోజట, బస్సు వెళ్ళిపోయిందట. "మీకు లేటవుద్దేమో ఆంటీ" అన్నాడు. నన్ను ఆంటీ అన్నాడు. అది నా మూడో ట్రిప్పు, నాకు నిజంగానే లేటవుతోంది. ఎక్కు నాయనా, అన్నాను. వాడు బూట్లు దులుపుకోకుండానే వెనక సీట్లో కూర్చున్నాడు, ముందు సీట్లో మా అమ్మాయి స్కూలు బ్యాగు ఉంది.

ఇవాళ శనివారం. పప్పు దించి, జేబులో బ్యాండుతో బయటికొచ్చి కారు మ్యాట్లు తీసి మెట్ల మీద దులిపాను. ముందు మ్యాట్లోంచి నా బూట్ల ఉప్పు రాలింది, అది ఎప్పుడూ ఉండేదే. తర్వాత వెనకది తీశాను. దులపకుండా ముందు చేత్తో తడిమాను, కళ్ళు మూసుకుని. గరగరమంటూ వేళ్ళకు తగిలింది.